పళ్ళ గుర్తు

సమర్‌ఖండ్‌లో ప్రయాణమయ్యేవాళ్ళు రొట్టె ఓ ముక్క కొరికి వెళ్తారు. మిగతాది ఇంట్లో గోడ మేకుకి వేలాడదీస్తారు, అది తినడానికి తిరిగొస్తారని నమ్మకం. పరుగు పందేనికి బయల్దేరిన కొడుకుకు తల్లి రొట్టె పట్టుకుని గుమ్మంలో అడ్డం నిలబడింది.

“కొరుకురా.”

“పందెం అయ్యేదాకా పిండి ముట్టనన్నాగా అమ్మా. గుడ్లు, ఉడికించిన మాంసం, అంతే.”

“నలభై రెండేళ్ళొచ్చాయి. పొద్దున్నే మైదానం, సాయంత్రం తొడకి మంచుగడ్డలు. వంద మీటర్ల కోసం ఇంత యాతనా?”

“ఎల్లుండికల్లా వచ్చేస్తాగా.”

“ఒక్క ముక్కకి కాళ్ళేం బరువెక్కవులే.”

“అమ్మా, ఆ మేకుకున్న రొట్టె చూడు. ఉల్మస్ అన్నయ్య కూడా కొరికే సైన్యంలోకి వెళ్ళాడు. పదహారేళ్ళయింది. వచ్చాడా?”

“రాలేదు.”

“మరి ఇంకా ఎందుకు నమ్ముతావ్?”

“నమ్మకం ఎప్పుడో పోయిందిరా. రోజూ దాని దుమ్ము దులిపేటప్పుడు వాడి పళ్ళ గుర్తు చేతికి తగులుతుంది. వాడిది నాకు మిగిలింది అదొక్కటే. నువ్వూ కొరుకు.”