గోలీ లేని పదకొండు వారాలు, మా కనకలక్ష్మి సిస్టరమ్మ

వెయ్యిన్ని తొమ్మిదివందల ఎనభై తొమ్మిదవ సంవత్సరం, జూన్ నెల పన్నెండవ తారీఖు సోమవారం నాడు శ్రీమతి కనకలక్ష్మి గారు మహబూబాబాదు సర్కారు దవాఖానలో నర్సుగా బాధ్యతలు స్వీకరించిండ్రు. ఆ దినం వాన దంచికొట్టి తెల్లచీర అంచంత బురదైతే, సంతకం పెట్టకముందే నల్లా కాడ చీర కడుక్కున్నరట. నేను చదివింది నాలుగో తరగతి. తారీఖులు నాకు కాగితం మీద నిలువవు గని నోట్లె నిలుస్తయి. అందుకనే మన కేంద్రం పెద్దలు ఈ అభినందన వ్యాసం నన్ను రాయమన్నరు. అక్షరాలు మా మనుమరాలు తస్లీమా దిద్దింది, మాటలు నావే.

మహబూబాబాదులో తొమ్మిదేండ్లు పురుళ్ల వార్డులో సేవలందించి, అటుపిమ్మట భూపాలపల్లికి బదిలీ అయి, కాళేశ్వరం దాకా పల్లె పల్లె తిరిగి పసిపిల్లలకు సూదులేసి, పదకొండేండ్లు బస్సుల్లనే సగం జీవితం గడిపి, రెండువేల తొమ్మిదిలో వారు జనగామలోని మన హెచ్.ఐ.వి. చికిత్స కేంద్రానికి విచ్చేసిండ్రు. అదే ఏడు నేను గూడ వచ్చిన. వారు ఉద్యోగానికి వచ్చిండ్రు, నేను జబ్బుతోని వచ్చిన. మూడేండ్లకు నన్ను తోటి ఆడవాళ్లకు ధైర్యం చెప్పే కొలువుల పెట్టించింది వారే. నా పేరు దాచొద్దని నేనే చెప్పిన.

వారి పనితీరులో రెండు సుగుణాలు అందరికీ తెలిసినవే. వరండాల ఎవరినీ పేరు పెట్టి పిలువరు, దగ్గరికొచ్చి భుజం ముట్టి "రా అక్కా" అంటరు. రెండవది, రక్తపరీక్ష ఫలితం మంచిదైనా చెడ్డదైనా ఫోన్ల చెప్పరు. "మొఖం చూడకుండ చెప్పే ముచ్చట గాదు గిది" అంటరు.

రెండేండ్ల కింద, జబ్బును మొదలంట పోగొట్టే మందు కోసం పరిశోధన చేసేటోళ్లు మన కేంద్రానికి వచ్చిండ్రు. మేం దినాం మింగే గోలీతోని క్రిమి నిద్రపోతది గని చావదు, ఒంట్ల దాగి ఉంటది. వాళ్లు కొత్త సూదులిచ్చి, గోలీ ఆపి, వారం వారం రక్తం తీసి చూస్తమన్నరు. క్రిమి లేస్తే మళ్ల గోలీ. ఆడవాళ్లు ఎక్కువమంది ముందుకు రాలె. భూపాలపల్లి దిక్కు పిల్ల ఒకతి, పేరు మార్చి భాగ్య అని రాయిస్తున్న, ఎంతో ఆశతోని వచ్చింది. రెండేండ్లు కడుపు పండొద్దని షరతు పెడితే బోరున ఏడ్చింది. కనకలక్ష్మి గారు బలవంతం చెయ్యలె. "ముందు బిడ్డను కను తల్లీ, పరిశోధనలు మళ్ల వస్తయి" అన్నరు. ఆ పిల్ల పోతూ పోతూ నా చెయ్యి పట్టుకొని, "అవ్వా, నీకు నయమైతే నాకే మొదలు చెప్పాలె" అన్నది. నా ఆశకు ఆమె ఆశ తోడైంది, పరిశోధనకు నేను పేరిచ్చిన.

ఇంట్ల చెప్పినంకనే గోలీ ఆపాలని వారి ఆజ్ఞ. చెప్పిన అన్న. చెప్పలే! మా కోడలు జబీన్ దినాం రాత్రి ఎనిమిది కొట్టంగనే గ్లాసుల నీళ్లు తెచ్చి, నేను మింగేదాక కదలదు. దానికి తెలిస్తే పరేషాన్ అయితదని గోలీ జాగల పిప్పరమెంటు బిళ్ల వేసుకున్న. నాలుగో వారం జబీన్ నా ఎంబడి కేంద్రానికి వచ్చి, "అమ్మీ ఒక్క దినం తప్పదు సిస్టరమ్మా, నా కండ్ల ముందటనే మింగుతది" అని గొప్పగ చెప్పింది. కనకలక్ష్మి గారి మొఖం పాలిపోయింది.

"అక్కా! గోలీ వేసుకుంటున్నవా? నెల పని గంగల కలిసెనా?"

నేను కొంగు ముడి ఇప్పి పిప్పరమెంట్లు బల్ల మీద పోసిన. వారు కండ్లల్ల నీళ్లొచ్చేటట్టు నవ్విండ్రు. వెంటనే నవ్వాపి, "పరిశోధన నీ ఒక్కదాని ఒంట్లె లేదక్కా, నీ ఇంట్ల గూడ ఉన్నది. రేపు నీకేమన్నయితే ఈ పిల్ల ఎవరినడగాలె?" అని కోప్పడ్డరు. జబీన్‌ను కూసోబెట్టుకొని గంటసేపు వారే చెప్పిండ్రు. మా కోడలు అంతా ఇని, "సిస్టరమ్మా, గా బిళ్లలు నా పిల్లలవి" అన్నది.

ఆ వారాల ముచ్చట ఎట్ల చెప్పాలె. అంతకుముందు పద్నాలుగేండ్లల్ల ఏ పెండ్లింట్ల నేను పొద్దుగూకినంక ఉండలె. ఎనిమిదైతే డబ్బీ యాడ దాయాలె, ఎవరు చూస్తరు అని నాలుగింటి బస్సుకే మళ్లేదాన్ని. తొమ్మిదో వారం రేగొండల మా చెల్లె బిడ్డ పెండ్లికి పోయి మూడు దినాలున్న. ఆడోళ్లమంత కూడి ఢోలక్ కొట్టుకుంట పాడినం. ఎవరో "తొమ్మిదైంది, తిందాం లేవుండ్రి" అంటే ఉలిక్కిపడ్డ. ఎనిమిది ఎప్పుడు దాటిపోయిందో నాకు తెల్వలె.

పదకొండో వారం శుక్రవారం, కనకలక్ష్మి గారు పగటి బస్సు దిగి నర్మెట్టల మా వాకిట్ల నిలబడ్డరు. జబీన్ చాయ్ పోసింది. తాగి, గ్లాసు కింద పెట్టి, నా భుజం ముట్టిండ్రు.

"లేచిందక్కా."

"నాకూ ఆశ ఉండె" అన్నరు వారు, అంతే. సంచిల నుంచి గోలీల డబ్బీ తీసిండ్రు గని, ఇచ్చి పోలె. ఎనిమిది దాక మా ఇంట్లనే కూసున్నరు. జబీన్ నీళ్లు తెచ్చింది. నేను మింగిన. అప్పుడు లేచి ఆఖరు బస్సుకు పోయిండ్రు.

ఇప్పుడు క్రిమి మళ్ల నిద్రల ఉన్నది, నేను మంచిగున్న. భాగ్యకు కొడుకు పుట్టిండు, వాడికి జబ్బు లేదు. మళ్ల పరిశోధన వస్తే మా ఇద్దరి పేర్లు మొదలు రాయమని కొత్త సిస్టరుకు చెప్పిపెట్టిన.

ముప్పై ఆరేండ్లు అకుంఠిత దీక్షతో సేవలందించి, ఈ నెలాఖరుకు పదవీ విరమణ పొంది మహబూబాబాదులోని స్వగృహానికి తరలుతున్న కనకలక్ష్మి గారికి ఆ పైవాడు సంపూర్ణ ఆరోగ్యాన్ని, నిండు నూరేండ్ల ఆయుష్షును ప్రసాదించుగాక. సిస్టరమ్మా, జర నడుం నొప్పి చూసుకోండ్రి, పాణం పైలం. నయమైందన్న కబురు వచ్చిననాడు నేను ఫోన్ల చెప్పను. బస్సెక్కి మీ ఇంటికే వస్త. మీరు ఇంట్ల ఉండాలె. ఏడింటికొచ్చి, ఎనిమిది దాటిపోయేదాక ముచ్చట పెట్టుకుంట కూసుంట.

– అక్బరీ బేగం, నర్మెట్ట