మెర్విక్ లార్డుగారి గెడ

మెర్విక్ దొరని ఒకాయన మన లాకుల కాడ కాలవల ఆఫీసరుగా ఉండేవోడంట. ఆఫీసరు కాలవలకే గానీ నీళ్ళంటే చచ్చే భయం. మన ఓలేటోరి గంగులు గెడేసి పడవ నడుపుతుంటే ఈయన కళ్ళు మూసుకుని కూచునేవోడనుకో. నవ్వకండి, మీలో ఎంతమందికి ఈతొచ్చేంటి?

అట్టా ఉండగా ఏమైందంటే, వాళ్ళ ఇంగ్లండు సీమ నుంచి ఉత్తరం. మీ అన్న పోయాడు, పిల్లల్లేరు, లార్డు బిరుదు నీకొచ్చింది అని. ఊరికే వచ్చుద్దా బిరుదు? ఎన్నో తరాల నాడు వాళ్ళ మూలపురుషుడు, వట్టి పడవోడే అనుకో, శత్రువులు తరుముతుంటే రాజుని ఏరు దాటించాడంట. రాజు మురిసిపోయి, నువ్వు లార్డువి, నీ తరవాత నీ పెద్దకొడుకూ లార్డే, కాకపోతే బిరుదెత్తుకున్న పెతివోడూ జనం చూస్తుండగా తన చేత్తో పడవ నడిపి ఆ ఏరు దాటాల అన్నాడంట. రెండో ఆయన దాటాడు, మూడో ఆయన తాగి దాటాడు, నాలుగో ఆయన తుమ్ముకుంటా దాటాడు, మొత్తానికి అందరూ దాటారు. దాటకపోతే బిరుదూ కోటా దాయాది పాలు. ఆ దాయాది, కోట నా చేతికొస్తే ముసల్దాన్ని గెంటేస్తానని దొర తల్లి మొహం మీదే అన్నాడంట.

దొర గంగులు చేతులు పట్టుకుని, "మా అమ్మ ఈ వయసులో వీధిన పడుద్దిరా గంగులూ" అని ఏడ్చేశాడంట. "ఊరుకోండి దొరబాబూ, గోదారంత గోదారి ముందు మీ ఏరెంత" అని, గంగులు ఆయన్ని పడవ చివర నిలబెట్టి, గెడ అడుక్కి దింపి, ఒళ్ళంతా ఆనించి తొయ్యడం నెల్లాళ్ళు నేర్పాడు. దొర నాలుగుసార్లు నీళ్ళలో పడ్డాడు, గంగులు నాలుగుసార్లు జుట్టు పట్టి లాగాడు.

గంగులిచ్చిన వెదురు గెడ ఓడలో ఏసుకుని సీమకెళ్ళాడు దొర. దాటే రోజున ఏటి ఒడ్డంతా జనం. అక్కడోళ్ళు వెనక్కి తిరిగి కూచుని తెడ్లేస్తారంట. మన దొరకి ఆ పద్ధతి వస్తేగా! చక్కా లేచి నిలబడి గెడేశాడు. "ఇది చెల్లదు, మా వంశంలో ఎవడూ ఇట్టా దాటలేదు" అని దాయాది ఒకటే గోల. దొర మాత్రం గెడ వదల్లేదు, దాటేశాడు. తీర్పు చెప్పడానికొచ్చిన పెద్దమనుషులు ఎటూ తేల్చలేకపోతుంటే ముసలి తల్లి లేచింది. "కోటలో చలిమంట పొయ్యి పైన గోడకి పొగచూరిన పటం ఉంది, తెండి. కొత్తకోడలిగా వచ్చినప్పుడు తుడిచాను, నాకు గుర్తే" అంది. తెచ్చి తుడిస్తే ఏముంది? మూలపురుషుడు పడవలో నిలబడున్నాడు, చేతిలో గెడ! ఇన్ని తరాల లార్డులు ఆ పటం కిందే చలి కాచుకున్నారు గానీ, ఒక్కడూ తలెత్తి చూడలేదు.

బిరుదూ దక్కింది, తల్లీ కోటలోనే ఉంది. గంగులికేం మిగిలిందంటారా? మంచి గెడ పోయింది. "నేను లార్డుగారికి గురువుని" అని చచ్చేదాకా మా తాతని చంపుకు తిన్నాడంట, అదీ లాభం.