నీళ్లు చల్లితే మంట

ఖమ్మం, 1986. మానవవాద విద్యార్థి సమాజం వారి మేడమీది గది. జిల్లా సభ ఆ సాయంత్రమే. అధ్యక్షుడు వెంకటనారాయణ, కార్యదర్శి సంపూర్ణ పనిలో ఉన్నారు. బూర్గంపాడు అవతలి అడవి గూడెం నుంచి వచ్చిన గంగక్క గడపలో కూర్చుంది.

"మళ్లీ మొదటికొచ్చావు. మంత్రాలు లేవని మీ గూడెంలో మైకు పెట్టి మరీ చెప్పానా, లేదా?"

"చెప్పినవ్ బాబూ. చెప్పి, నీళ్లు చల్లిపిచ్చి మంట లేపినవ్."

"అది మంత్రం కాదు, మందు! కొబ్బరికాయ పీచులో చిన్న ముక్క దాచిపెడతాం. నీళ్లు తగిలితే అంటుకుంటుంది. కాలేజీలో ఎవర్నడిగినా చెబుతారు."

"మా గూడెంల కాలేజి లేదు గద."

"నవ్వకు సంపూర్ణా. ఆ రంగు డబ్బా పక్కకి జరుపు, బ్యానరు మీద ఒలుకుతుంది."

"నేను నవ్వుతలేను ప్రెసిడెంటు గారూ. గంగక్క చెప్పేది వింటున్న. మీరు గూడ ఒక్కసారి వినుండ్రి."

"ఇందాకటినుంచీ వింటూనే ఉన్నాగా! వాళ్ల పెద్దమనిషి పిచ్చయ్య మనవడికి జ్వరం. గంగక్క చేతబడి చేసిందని గూడెమంతా పుకారు. అంతేనా?"

"అవ్. పిల్లగాడు పాలు తాగుతలేడు. పిలిస్తె కండ్లు తెరుస్తలేడు. చేసింది నేనేనన్నరు. నా ముందటి పండ్లు పీకుతమన్నరు. పండ్లు లేకుంటె నోట్ల మంత్రం తిరగదట."

"చూశావా సంపూర్ణా? అవతల మనుషులు చంద్రుడి మీద దిగొచ్చారు. వీళ్లింకా పళ్లు పీక్కుంటూ కూర్చున్నారు. ఇది సాయంత్రం నా ఉపన్యాసంలో పడాలి. రాసుకో."

"చెయ్యి ఖాళీ లేదు. బ్యానరు మీద మీ పేరే రాస్తున్న. పెద్దక్షరాలు కావాలన్నరు గద."

"ఇంతకుముందు నా జోలికి ఎవ్వలు రాలే బాబూ. ఒంటి ఆడది, ఇప్పపువ్వు ఏరుకుంటది, పండుకుంటది, గంతే. నువ్వొచ్చి అందరి ముందర నన్నే పిలిచినవ్. గిన్నె నా చేతికే ఇచ్చినవ్. నేను చల్లంగనే భగ్గుమన్నది. అందరు లేచి ఉరికిన్రు. నేను గూడ ఉరికిన."

"ఎవరో ఒకరు చల్లాలి కదా!"

"గంతమంది ఉన్నరు. నేనే ఎందుకు నీ కండ్లబడ్డ?"

"నువ్వు... అంటే, ఓ పక్కన ఒక్కదానివే కూర్చున్నావు. దగ్గరగా కనపడ్డావు."

"అబద్ధమెందుకు ప్రెసిడెంటు గారూ? ఫోటో కోసం. ఫోటో తీసేటాయన, 'ఆ ముసల్దాన్ని పిలవండి, చింపిరి జుట్టు, ముఖం నిండ ముడతలు, పేపర్ల మంచిగ పడ్తది' అన్నడు. మీరు పిలిచిన్రు. నేను పక్కనే నిలబడి ఉన్న."

"నువ్వసలు ఎవరి వైపు సంపూర్ణా?"

"సమాజం వైపే. మానవవాదమని బోర్డు కట్టుకున్నం గద, లోపల మానవులెవరన్న ఉన్నరా అని దేవులాడుతున్న."

"ఫోటో మంచిగ పడ్డదా బాబూ?"

"బ్రహ్మాండంగా పడింది. 'మూఢనమ్మకాలపై విద్యార్థుల సమరం' అని పైన హెడ్డింగు. నీకూ ఒక కాపీ ఇస్తాలే, ఇంట్లో పెట్టుకో."

"వద్దు. అది మా గూడానికి గూడ వచ్చింది. దుకాణపాయన బెల్లం దాంట్ల కట్టిచ్చిండు. పిచ్చయ్య విప్పి జూసిండు. 'సూడుండ్రి, దీని చేతుల మంట పేపర్ల సుత పడ్డది' అన్నడు. గంతకు ముందు సగం మందికే అనుమానం."

"మొద్దులు! కింద ఏం రాసి ఉందో చదవరూ?"

"చదువొస్తె నీ కాడికెందుకొస్త బాబూ?"

"మేం కరపత్రాలు కూడా పంచాం. ఏ మందు, ఎలా అంటుకుంటుంది, మొత్తం అచ్చేయించి మరీ ఇచ్చాం."

"ఇచ్చిన్రు. కాగితం మెత్తగున్నదని మొగోళ్లు పొగాకు సుట్టుకొని తాగిన్రు."

"ఇదీ సంగతి. ఇలాంటి వాళ్లకోసం మేం ఎండలో, దుమ్ములో పడి..."

"చదువురానోళ్లకు నోటితో చెప్పాలనే గద మనం ప్రోగ్రాం రెండు భాగాలు పెట్టుకున్నది? ముందు మంట. తర్వాత దాని గుట్టు. రెండో భాగం మీది. చెప్పిన్రా?"

"టైము చాల్లేదు."

"ఎందుకు చాలలే?"

"మబ్బు పట్టింది. వాన పడితే ఆ దారిలో జీపు దిగబడుతుందని డ్రైవరు ఒకటే గోల."

"మబ్బు గాదు, కోళ్లు. కలప కాంట్రాక్టరు గెస్టుహౌసుల కోళ్లు కోపిచ్చిండు. చల్లారుతయని మీరు మైకు కట్టేసిన్రు. మంటను గూడెంల వదిలిపెట్టి మనం బిర్యాని తినపోయినం."

"నువ్వూ తిన్నావుగా!"

"తిన్న. అందుకే మీతోని కూసోని బ్యానరు రాస్తున్న. లేకుంటె ఎప్పుడో ఎల్లిపోదును."

"ఇదుగో గంగక్కా, ఇప్పుడు చెప్పాను కదా, అది మందు అని. వెళ్లి నువ్వే చెప్పు వాళ్లకి."

"చెప్పిన. 'ఆ బాబు కాయల మందు పెట్టిండు, నాదేం లేదు' అన్న. 'మందులు పెట్టెటోడు మంత్రగాడు గాక ఇంకెవడు' అన్నరు."

"తెలివి చూడు! గుట్టు చెప్పినా ఒకటే, చెప్పకపోయినా ఒకటే. వీళ్ల బుర్రల్లోకి ఎక్కించాలంటే మనకి ఒక జన్మ చాలదు."

"జన్మలు లేవని పోయిన ఆదివారమే మాట్లాడిన్రు."

"మాటవరసకి అన్నాను సంపూర్ణా! అన్నిటికీ అడ్డం రాకు."

"నాకు గవన్ని వద్దు బాబూ. ఒక్క మాట జెప్పు. పిచ్చయ్య ముందర నిలబడి ఒకే ఒక్క మాట. 'ఈమెకేం రాదు, పిల్లగాణ్ణి జల్దీ దవాఖానకు తోల్కపోండ్రి' అని. నేనంటె ఇంటలేరు. 'చేసేది నువ్వే, దవాఖాననేది నువ్వేనా' అని తిడ్తున్నరు. నువ్వు జెప్తె ఇంటరు."

"నేను చెబితే మాత్రం ఎందుకు వింటారు?"

"వాళ్ల లెక్కల నువ్వు నాకన్న పెద్ద మంత్రగానివి గద."

"విన్నావా? నన్ను మంత్రగాణ్ణి చేసి పెట్టారు! జిల్లా అధ్యక్షుణ్ణి!"

"చేస్తె చేసిన్రు. ఆ పేరు అడ్డం పెట్టుకోనన్న పసిపిల్లగాడు దక్కుతడు. పోయి చెప్పుండ్రి."

"అది సిద్ధాంతానికి విరుద్ధం సంపూర్ణా. వాళ్ల అజ్ఞానాన్ని వాడుకుని వాళ్లకి మంచి చేసినా, మనం అజ్ఞానాన్ని పెంచినట్టే. శాస్త్రీయ దృక్పథం ఉన్నవాడెవడూ ఆ పని చెయ్యడు."

"సిద్ధాంతమంటె ఏంది బిడ్డా?"

"కూసున్న కాడికెల్లి లేవకుండ ఉండెతందుకు ఈయనకు దొరికిన కారణం అక్కా."

"నోరు అదుపులో పెట్టుకో. ఈ సమాజానికి నేను నాలుగేళ్లు చాకిరీ చేశాను. దండల పెళ్లిళ్లు చేయించాను, సహపంక్తి భోజనాలు పెట్టించాను..."

"బోనకల్‌ల పెట్టిచ్చిన్రు. పంక్తి చివరికి కూసోని మజ్జిగ ఒక్కటే తాగిన్రు. కడుపుల బాగలేదన్నరు. హరిజనవాడ ఆదాము వండిండని తెలిసిన్నుంచే బాగలేకుండె."

"అది నిజంగా కడుపునొప్పి!"

"ఉండొచ్చు. మరి దసరాకు మధిరల మీ నాయన పత్తి కొట్టు ముందర దిష్టి తీసి గుమ్మడికాయ కొట్టిందెవరు? అప్పుడు సిద్ధాంతం ఏడవోయింది?"

"అది మా నాన్న తృప్తి కోసం. ముసలాయన మనసు నొప్పించటం ఎందుకని కొట్టాను. దానికీ దీనికీ సంబంధం ఏమిటి?"

"ఏం లేదు. మీ నాయన తృప్తి కోసమైతె సిద్ధాంతం పక్కకు జరుగుతది. గంగక్క పండ్ల కోసమైతె జరగదు. గంతే."

"బిడ్డా, ఆయన్ను తిట్టకు. కోపమొస్తె అసలే రాడు. బాబూ, నీ కాళ్లకు దండం పెడ్త. ఒక్క మాట."

"లే, లే. కాళ్లు పట్టుకోవటాలు మా సమాజంలో నిషేధం. నువ్వు అర్థం చేసుకో గంగక్కా. కొత్తగూడెం దాకా ఒక బస్సు, అక్కణ్ణుంచి ఇంకో బస్సు, దిగాక అడవిలో నడక. సాయంత్రం సభ. రేపు నాకు సన్మానం. ఎల్లుండి ప్రాక్టికల్సు. ఎలా వస్తాను?"

"నేను నిన్ను బస్సెక్కుమనలే బాబూ. మాట అడిగిన."

"మాట చెప్పాలన్నా మనిషి రావాలిగా! జీపు కూడా లేదు, అది కాంట్రాక్టరుది. పోనీ ఒక పని చేద్దాం. కలెక్టరుగారికి మెమొరాండం ఇస్తాం. సోమవారం నేనే స్వయంగా వెళ్లి ఇస్తాను."

"గది పండ్లు పీకెటప్పుడు నోట్ల అడ్డం పెట్టుకోవాల్నా?"

"వెటకారం ఒకటి! నీలాంటి వాళ్లకి మంచి చేద్దామని వస్తే ఇదీ మర్యాద. ఇంకో మాట చెబుతా, విను. నువ్వు సాయంత్రం సభకి రా. స్టేజి ఎక్కిస్తాను. నీ కష్టం నువ్వే నోటితో చెప్పు. ముఖ్య అతిథి నీకు శాలువా కప్పుతారు. జనం కళ్లనీళ్లు పెట్టుకుంటారు. ఈ ఏడు ఉత్తమ శాఖ షీల్డు మనకి ఖాయం."

"మల్ల ఫోటో తీస్తరా?"

"తీస్తారు, ఎందుకు తియ్యరు?"

"మల్ల గిన్నె నా చేతికిస్తవా?"

"ఇవ్వను. ఈసారి నిమ్మకాయ. కోస్తే రక్తం కారుతుంది. కత్తికి రంగు పూస్తాంలే, నువ్వేం భయపడకు."

"ఛీ!"

"ఛీ ఏమిటి సంపూర్ణా? బాధితురాలి చేతే చేయిస్తే ప్రభావం ఉంటుంది."

"ఇంతసేపట్ల పిల్లగాడు ఎట్లున్నడని ఒక్కసారన్న అడిగిన్రా మీరు?"

"జ్వరాలన్నాక వస్తుంటాయి, పోతుంటాయి. ఒక గూడెం పిల్లాడి కోసం జిల్లా సభ ఆపుకుంటామా? ఇక ఈవిడ పళ్లంటావా, ఎలాగూ రేపో మాపో ఊడేవేగా."

"వెంకటనారాయణా! మనిషివేనా నువ్వు?"

"ఉండు బిడ్డా. బాబు నిజమే జెప్పిండు. ఊడెటియే. కాని నాయి. ఊడెదాంక వాటితోని తినాలె నేను."

"చూడు గంగక్కా, తేల్చి చెబుతున్నా. నేను రాను. వాళ్లు ఏమనుకుంటే నాకేంటి? మంత్రగాడు అనుకుంటే అనుకోనీ, దెయ్యం అనుకుంటే అనుకోనీ. అడవిలో వాళ్లు అనుకునేదానికి ఖమ్మంలో నాకు వచ్చే నష్టం ఏమీ లేదు."

"అయితె రావు."

"రాను."

"మంచి మాటగ అడిగితె చెప్పవు."

"చెప్పనన్నానుగా! ఇక లే. అవతల మైకువాడు వస్తాడు."

"లేస్త. మోకాళ్లు పట్టుకున్నయి. బాబూ, నిన్న పట్కారు తెచ్చిన్రు."

"ఏమిటి?"

"పట్కారు. పండ్లు పీకనీకి. పిచ్చయ్య నా గదువ పట్టుకున్నడు, ఇద్దరు చేతులు పట్టుకున్నరు. నాకు పానం పోయినట్లైంది. అప్పుడు చెప్పిన."

"ఏం చెప్పావ్?"

"'గిన్నె నాది గాదు, నీళ్లు నాయి గావు. మంట తెచ్చింది పట్నం బాబు. నా చేతుల మీదికెల్లి పిల్లగాని మీదికి తోలింది ఆయనే. నా పండ్లు పీకితె పిల్లగాడు లేవడు' అన్న."

"నా మీద చెప్పావా? అబద్ధం! పచ్చి అబద్ధం! ఎలా నోరొచ్చింది నీకు?"

"ఎట్లొచ్చిందా? అడవోళ్లు ఏమనుకుంటె నాకేందని నువ్వంటివి గద ఇప్పుడే. గట్లనే వచ్చింది. నేను జెప్పింది అబద్ధమే బాబూ. నా మీద ఏసింది గూడ అబద్ధమే. నేను మోసిన. ఇగ నువ్వు మొయ్యి."

"నమ్మారా వాళ్లు?"

"ఎందుకు నమ్మరు? మంట అందరు జూసిన్రు. మా తాన చేతబడి చేసినోడే దాన్ని తియ్యాలె. అందుకే పిల్లగాణ్ణి దుప్పట్ల సుట్టుకొని పొద్దుగాల బస్సెక్కిన్రు."

"ఎవరు? ఎక్కడికి?"

"ప్రెసిడెంటు గారూ, ఒక్కసారి కిటికీల నుంచి కిందికి చూడుండ్రి. మెట్ల కాడ చాలమంది ఉన్నరు. ముందటున్న ముసలాయన భుజం మీద పిల్లగాడు. వెనకోళ్ల చేతుల్ల కట్టెలున్నయి."

"తలుపెయ్యి సంపూర్ణా! గడియ పెట్టు!"

"నేను పెట్ట. మీకు దారి ఇస్తున్న, దిగుండ్రి."

"గంగక్కా, నువ్వు... నువ్వు చెప్పు వాళ్లకి. నీ కాళ్లకి దండం పెడతాను."

"అవి మీ సమాజంల బందన్నవ్ గద. పో బాబూ, పిల్లగానికి ఊపిరి ఎగపోస్తున్నది. పెద్దదవాఖాన ఈ సందు చివర్నే ఉన్నదట, వచ్చేటప్పుడే అడిగి తెలుసుకున్న. అందుట్ల ఏస్తెనే మంట దిగుతదని నువ్వు జెప్తె ఇంటరు, ఎనక ముందు చూడకుండ ఉరుకుతరు. లేదంటవా, ఇంతసేపు నాకు జెప్పినట్లె వాళ్లకు జెప్పి చూడు, మంత్రాల్లేవని."