నాలుగు వందల పన్నెండు రికార్డు

రెండు వేల ఎనిమిది ఎండాకాలం. హిందూపురంలో మధ్యాన్నం రెండుకు కరెంటు పోతే నాలుగు దాకా రాదు. ఏసుదాసు నెట్ సెంటర్‌లో పది కంప్యూటర్లూ ఒక్కసారే ఆరిపోయినాయి. ఉక్కకు తాళలేక అందరూ ఎదురుగా హనుమక్క టీ అంగడికి వచ్చి బెంచీల మీద పడినారు.

ఏసుదాసు ఊరికే టీకి రాలేదు. పెనుకొండలో ఇంగో సెంటర్ తెరుస్తాండాడు. దాని బీగం చెవి చొక్కా జేబులోనే ఉండాది.

"ఉమాశంకరా, మురళీ, మీ ఇద్దర్లో ఒకరు రేపట్నుంచి పెనుకొండ చూసుకోవాల. టీ తాగి చెప్తా ఎవరనేది" అన్నాడు.

ఉమాశంకర్ హిందూపురం సెంటర్‌లో ఐదేండ్ల నుంచి పని చేస్తాండాడు. మురళి ధర్మవరం నుంచి వచ్చి ఎనిమిది నెలలు. న్యాయానికైతే ఆలోచించాల్సిన పనే లేదు. అయినా ఆలోచిస్తాండాడంటేనే ఉమాశంకర్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది. దానికి తోడు చీరలంగడి వీరభద్రయ్య నోరు ఊరకుండలేదు.

"ఆలోచన ఏమిటికప్పా దాసూ? మా మనవడు ఆడే కంప్యూటర్ ఆట వంతెన కాడికి పోతానే ఇరుక్కుంటాండె. ఈ ధర్మవరం పిల్లోడు పది నిమిషాల్లో కడిగిచ్చినాడు. గుర్రం ఇప్పుడు వంతెన దాటి యాడికో పోతాండాది!"

కడిగేదంటే నీళ్ళతో కాదు. ఆ ఆటలకు మాడ్లు అని ఉంటాయి. అసలు ఆట ఒకరు చేసింటే, దాంట్లోకి కొత్త ఊర్లు, కొత్త గుర్రాలు, కొత్త కత్తులు బయటోళ్ళు చేసి ఇస్తారు. ఇచ్చేవాళ్ళు పని ముగించి శుభ్రంగా పోరు, అక్కర లేనివి కూడా దాంట్లోనే వదిలేసి పోతారు. దాంతో ఆట ఇరుక్కుంటుంది. ఆ చెత్తను ఏరి పారేసే ఎడిటరు అనే ప్రోగ్రాము ఒకటి నెట్‌లో ఊరికే దొరుకుతుంది. హిందూపురంలో అది తెలిసినోడు మురళి ఒక్కడే అని పిల్లోళ్ళంతా వాని చుట్టూ మూగుతాండారు. ఉమాశంకర్ పేరు ఇప్పుడు ప్రింట్లు తీసేటప్పుడే గుర్తొస్తుంది.

"కడిగేదేముందిలే వీరభద్రయ్యా" అన్నాడు ఉమాశంకర్ టీ ఊదుకుంటా. "నేనూ మొన్న ఒకటి కడిగినా. చిన్నదే."

"నువ్వా?" అనింది హనుమక్క.

"సోమారం పొద్దున. మురళి ఇంగా రాలేదు. ఒక ఏటి మాడు అది, ఆటలో కొత్తగా ఏరు పారుతుంది, గుర్రం ఏట్లో కాలు పెడతానే ఆట నిలిచిపోతాండాది. ఎడిటరు తెరిచినా. ఎడమ పక్క పేర్లు, కుడి పక్క రంగులు, ఎర్రవి, పచ్చవి, వీరభద్రయ్య అంగట్లో చీరలు పరిచినట్ల. ఇంగొకడైతే జడుసుకొని లేచిపోతాడు. నేను క్లీన్ అని ఒక్క నొక్కు నొక్కినా."

"మురళి కూడా అంతే కదప్పా నొక్కేది."

"మురళి వేలుతో నొక్కుతాడక్కా. నేను మనసుతో నొక్కినా."

మురళి నవ్వలేదు. శ్రద్ధగా వింటాండాడు. వాడు నవ్వకపోయేది చూసి ఉమాశంకర్‌కు ఇంగా మండింది.

"అంతవరకు ఆ ఏట్లో నీళ్ళు మన టాంకరు నీళ్ళ మాదిరి ఎర్రగా ఉండె. నేను కడిగినాక అడుగున రాళ్ళు లెక్కపెట్టచ్చు. లెక్కపెట్టినా కూడా."

"ఎన్ని?" అన్నాడు వీరభద్రయ్య.

"ఆరు వేల తొమ్మిది. ఒకటి పగిలిండె, దాన్ని చేర్చలేదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? గుర్రం దిగింది, నీళ్ళు ఎగిరినాయి, ఎగిరినవి వచ్చి నా చొక్కా మీద పడినాయి."

"చెమటేమోలే."

"చెమట చల్లగా ఉంటాదా వీరభద్రయ్యా? తెర కింద సందులోంచి సన్నగా దార కట్టింది. గ్లాసు పెట్టినా, నిండింది. చెంబు పెట్టినా, నిండింది. పక్కింటి ఆదిలక్ష్మమ్మ పదకొండు దినాల నుంచి టాంకరుకు కాచుకోనుండాది కదా, బిందె ఎత్తుకొని వచ్చేసె. ఒక బిందెకు ఒప్పుకుంటే ఆడోళ్ళు ఊరకుంటారా? పది కంప్యూటర్లకు పది వరసలు. వరస బజారు దాటి పరిగి రోడ్డు పట్టుకొనె. రొద్దం నుంచి ఒకాయప్ప ట్రాక్టరులో పైపు తెచ్చి, మానిటరుకు బిగిచ్చుకొని రెండెకరాల శెనక్కాయ చేను తడుపుకొని, తట్టతో మట్టి ఎత్తి గట్టు కూడా వేసుకొని పాయె!"

"మా ఇంటి వీధికి ఒక చుక్క రాలేదే!" అనింది హనుమక్క.

"మీది ఎత్తు వీధి కదక్కా. కంప్యూటర్ నీళ్ళు ఎత్తు ఎక్కవు."

బెంచీలన్నీ నవ్వినాయి. ఏసుదాసు కూడా నవ్వినాడు. నవ్వి, మురళి దిక్కు చూసినాడు. ఉమాశంకర్‌కు ఆ చూపు ముల్లు మాదిరి దిగింది. ఇంత నీళ్ళు పారించినా చూపు వాని మీదికే పోతాండాది.

"కడిగే ముందర బ్యాకప్ తీసి పెట్టుకున్యావా అన్నా?" అని అడిగినాడు మురళి.

"బ్యాకప్పులు చేతకానోళ్ళకు" అన్నాడు ఉమాశంకర్, వాని దిక్కు చూడకుండానే. "ఆ తర్వాత ఏమైందో తెలుసా దాసన్నా? ఆ ఆట చేసిన దొరలుండారే, వాళ్ళ దేశంలో కొళాయిలు ఎండిపోయినాయి. వాళ్ళ నీళ్ళన్నీ ఈడికి వచ్చేసె కదా! ఫోను చేసినారు. 'అయ్యా ఉమాశంకర్ గారూ, కట్టేయండి, మేము స్నానాలు చేసి మూడు దినాలైంది' అని ఒకటే ఏడుపు. సరేలే పాపం అని ఒక్క మీట నొక్కి కట్టేసినా. నా సెల్లులో నంబరు ఉండాల, చార్జింగు లేదు."

"దొరలకు తెలుగు వచ్చునా?" అన్నాడు వీరభద్రయ్య.

"స్నానం లేకపోతే ఏ భాషైనా వస్తాదప్పా."

మళ్ళా నవ్వినారు. కానీ ఉమాశంకర్‌కు నవ్వులు చాలలేదు. నిజంగా జరిగింది ఒకటుండాది. మురళి వెనక నిలబడి నాలుగు దినాలు దొంగచూపులు చూసి, సోమారం పొద్దున ఆ ఎడిటరు తెరిచి నొక్కిన మాట నిజమే. ఆట మళ్ళా నిలిచిందా నడిచిందా ఉమాశంకర్ చూడనేలేదు. తెర కింద వచ్చిన ఒక లైను చూసి ఒళ్ళు పులకరించి, దాన్ని అచ్చం అట్లే కాగితం మీద రాసుకొని, ఐడెంటికల్ అనే మాటకు డిక్షనరీ చూసి, నాలుగు దినాల నుంచి జేబులో పెట్టుకొని తిరుగుతాండాడు. స్నానానికి పోయేటప్పుడు కూడా తీసి సబ్బుపెట్టె కింద పెట్టినాడు.

"నీళ్ళ మాట నమ్మద్దండి" అని కాగితం తీసినాడు. "ఇది నమ్మండి. ఇది నేను చెప్పేది కాదు, కంప్యూటరే నాకు చెప్పింది. రిమూవింగ్, ఐడెంటికల్ టు మాస్టర్, రికార్డ్స్, నాలుగు వందల పన్నెండు! తీసేసే పనిలో మాస్టరుతో సమానం, రికార్డు నాలుగు వందల పన్నెండు! మురళికి ఎప్పుడన్నా ఇట్ల వచ్చిందా అడగండి. ఎనిమిది నెలల్లో నోరు తెరిచి ఒక్కసారన్నా చెప్పినాడా?"

బెంచీ మీద ఎవరూ నవ్వలేదు. మాస్టరు, రికార్డు అనే మాటలకు బరువు ఉండాది. ఏసుదాసు చెయ్యి జేబు కాడికి పోయింది. ఉమాశంకర్ గుండె పెనుకొండ బస్సెక్కింది.

ఏసుదాసు కాగితం తీసుకొని మురళికిచ్చినాడు. "చదువప్పా. నీకూ వచ్చిందా ఇది?"

మురళి చదివి తల వంచుకున్నాడు.

"వచ్చింది సార్."

"మరి చెప్పలేదే?"

"చెప్పేదేముంది సార్. ప్రతిసారీ వస్తాది." వాడు ఉమాశంకర్ దిక్కు చూసి నెమ్మదిగా అన్నాడు. "అన్నా, ఆ మాటలు విడగొట్టకూడదు. అంతా కలిపి ఒకటే. మాస్టరు అంటే మనిషి కాదు, అసలు ఆట ఫైలు. మాడు చేసేవాళ్ళు దాంట్లోవే కొన్ని ఏమీ మార్చకుండా మళ్ళా రాసిపెట్టింటారు. రికార్డు అంటే అట్ల రాసిన ఒక్కొక్క ముక్క. మాస్టరు మాదిరే ఉండేవి పనికిరావు, తీసేస్తాండా అని చెప్తాది అది."

హనుమక్క టీ వడపోసేది ఆపింది.

"అంటే మాస్టరు మాదిరి ఉండేదే చెత్తనా?"

"అవునక్కా."

"అయ్యో అయ్యో! ఇంగొకరి మాదిరి ఉండేదాన్ని అది నాలుగు వందల పన్నెండు సార్లు బయటికి తోస్తే, ఈయప్ప దాన్ని సర్టిఫికెట్ అని జేబులో పెట్టుకోని తిరుగుతాండాడు!"

వీరభద్రయ్యకు టీ ముక్కులోకి పోయింది. దగ్గి దగ్గి కండ్లలో నీళ్ళు కారినాయి. "ఈ నీళ్ళు కూడా నీ ఏటివేనేమప్పా?" అన్నాడు.

ఏసుదాసు జేబులోంచి బీగం చెవి తీసి మురళి చేతిలో పెట్టినాడు. "రేపు ఏడు గంటల బస్సు. బ్యాకప్పులు మర్చిపోవద్దు" అని లేచి పోయినాడు.

ఒకరి తర్వాత ఒకరు లేచినారు. మురళి మాత్రం ఆడనే నిలబడినాడు. ఉమాశంకర్ కాగితం నాలుగు మడతలు పెట్టి, మళ్ళా విప్పి, మళ్ళా మడిచినాడు.

"మురళీ."

"ఏమన్నా?"

"నీకెన్ని వస్తాయి?"

"ఏమి?"

"అవే. మాస్టరు మాదిరివి."

"మాడును బట్టన్నా. వీరభద్రయ్య మనవడిదాంట్లో పద్దెనిమిది వందల పైన వచ్చినాయి."

చెత్త అని ఇప్పుడే చెవులారా విన్నాడు. పదిమంది ముందర విన్నాడు. అయినా ఉమాశంకర్ పద్దెనిమిది వందల్లోంచి నాలుగు వందల పన్నెండు తీసేసి, వానికన్నా ఎంత తక్కువైందో వేళ్ళ మీద లెక్కేసుకుంటా ఆడనే కూచున్నాడు.