మూడో ముద్దు

ఫ్రాన్స్‌లోని నీమ్ పట్టణంలో ఆదివారం. చర్చి నుంచి వచ్చిన తల్లి టోపీ తీస్తుంటే, వంకాయలు తరుగుతున్న కూతురు తలెత్తింది.

“అమ్మా, బుగ్గ మీద ఆ ఎరుపేంటి?”

“సొలాంజ్ లిప్‌స్టిక్. ముద్దు పెట్టింది.”

“పక్కింటి సొలాంజా! వాళ్ల అంజూరపు చెట్టు కొమ్మ నరికించావని తొమ్మిదేళ్లుగా నీ మొహమే చూడట్లేదుగా?”

“పక్కవాళ్లకి శాంతి చెప్పండి అన్నారు ఫాదర్. నా పక్కన అదే ఉంది. ఏం చేస్తుంది, రెండు పెట్టింది.”

“మనూళ్లో పలకరింపుకి బుగ్గల మీద మూడు ముద్దులు కదా?”

“అదేగా నా మంట! చర్చిలో కూడా పిసినారితనమే.”

“పోన్లే, ఫాదర్ మాటకోసమైనా పెట్టింది.”

“మూడోది బయటికొచ్చాక, రొట్టెల కొట్టు ముందు పెట్టిందే. అక్కడ ఫాదర్ లేరు. పెట్టమని ఎవరూ చెప్పలేదు.”

“ఈ ఎరుపు ఆ మూడో ముద్దుదేనా?”

“ఆఁ.”

“ఇదిగో తువ్వాలు, తుడుచుకో.”

“ఉండనీవే. భోజనాలయ్యాక చూద్దాం.”