ఎడమ సీటు

"మామా, ఇంకో క్లాసు ఏమన్న ఉన్నదేమొ అడుగుతివా లేదా?"

"అడిగిన. క్లాసులు మూడేనంట. మూడింట్ల నీ బండి దేంట్ల పట్టదు."

గద్వాలలో రాయచూరు రోడ్డు పక్కన కురుమూర్తి మెకానిక్ షెడ్డు. అతని అక్క జోగులమ్మ అక్టోబరు వరదలో పోయి రెండు నెలలైంది. ఆమె కొడుకు మహిపాల్ అలంపూర్ దగ్గరి పల్లె నుంచి తన మారుతి కారును పొద్దున్నే తెచ్చి షెడ్డు ముందు నిలబెట్టాడు. స్ప్రింగులు కోసి, ఇంజను మార్చి, నేలకు కరుచుకుపోయేలా చేసుకున్న కారు అది. దాన్ని చూసి ఊరంతా నవ్వుకునేది. హైదరాబాదులో కుర్రాళ్ల క్లబ్బు ఒకటి వచ్చే నెల కార్ల పోటీ పెడుతోంది, అందులో ఈ కారుకు చోటు కావాలట. అక్క కొడుకు ఏదడిగినా కాదనడం కురుమూర్తికి మొదటి నుంచీ చేతకాదు, ఇప్పుడైతే అసలే చేతకాదు.

"మూడంటె ఏవేవి? జర నిమ్మలంగ చెప్పు మామా."

"మొదటిది స్ట్రీటు క్లాసు. రోజూ రోడ్డు మీద తిరిగే బండ్లకు. కంపెనీ నుంచి ఎట్లొచ్చిందో గట్లనే ఉండాలె. స్ప్రింగు కోస్తె నడ్వదు, ఎనక సీటు పీకితె నడ్వదు. నువ్వు రెండూ జేస్తివి."

"స్ప్రింగు కోసింది నువ్వే గద."

"నువ్వు పానం తింటె కోసిన. హైదరాబాదోళ్ల బండ్లు నేలకు జానెడే ఉంటయి మామా, గట్ల లేకుంటె పోటీల నిలవడదు మామా అని ఎన్ని దినాలు నా ఎంబడి వడ్డవ్? ఇప్పుడు జూడు, కోసినందుకే వద్దంటుండ్రు."

"సరె, సరె. రెండోది?"

"మాడిఫై క్లాసు. బండిని ఎంత మార్చుకున్న అడ్గరు. కని లోపట ఇనుప పంజరం ఉండాలె, బండి పల్టి కొడితె మనిషి నలగకుండ. నీ దాంట్ల ఏమున్నది? అడ్డంగ ఒక్క కడ్డి."

"ఇంకో నాలుగు కడ్డీలు వెల్డింగ్ జెయ్యి."

"నేను జేస్తె ఒప్పుకోరంట. వాళ్లు చెప్పిన షాపులనె జేపియ్యాలె, వాళ్ల ముద్ర ఉండాలె."

"మూడోది?"

"ఓపెన్. ఎవ్వలన్న రావొచ్చు. అంటె పెద్ద పెద్ద బండ్లు. చిన్న బండికి జెన్ కారు ఇంజను బెట్టుకొని నువ్వు పోతె వాళ్లు లేపిన దుమ్ము గుడ నీకు కానరాదు. దానికి గుడ పంజరం ఉండాలె, లైసెన్సు వేరె ఉండాలె."

"ఓడిపోతె ఓడిపోత. నాకేం గెలువాలని లేదు."

"గెల్చుడు లేకుంటె మరెందుకురా ఈ పరేషాన్?"

"ఒక్కసారి ఉరకాలె మామా. ఒక్కటంటె ఒక్కసారి. ఆ తర్వాత నువ్వే కోసి తుక్కుల ఎయ్యి. ఒక్కసారి గుడ ఉరకకుంటె దీన్ని ఎందుకు జేసినట్లు? అమ్మ ఎందుకు..."

"అమ్మ ఎందుకు, ఏంది?"

"ఏం లేదు."

"మొఖం అద్దంల జూస్కున్నవా ఎన్నడన్న? తింటున్నవా?"

"తింటున్న."

"మీ నాయిన మాట్లాడుతుండా?"

"ఎద్దులతోని మాట్లాడ్తడు. నాతోని లేదు."

"పాపం, ఆయన బాధ ఆయనది. ఎద్దులను తోలుకొని నేను ముందుగాల చౌరస్తకు పోకుంటె ఆమె బతుకుతుండె అని ఏడుస్తుండు. నేనన్న, బావా, ఊరు ఖాళీ జెయ్యమని దండోర ఏస్తిరి, నువ్వు ఎద్దులను కాపాడుకుంటివి, మా అక్క ఒక తల్లినీ పిల్లనూ కాపాడింది, తలకాయ దించుకునే పని మనోళ్లు ఎవ్వరు జెయ్యలేదు అని."

"మామా, క్లాసు సంగతి చెప్పరాదు."

"అదే చెప్తున్న. పోటీ పెట్టే పిలగానితోని ఫోన్ల అన్న, ఇది మామూలు బండి గాదు బాబూ అని. వరదల ఒక తల్లినీ పిల్లనూ వాగు దాటిచ్చిన బండి, మా అక్క తాను దిగి వాళ్లకు జాగ ఇచ్చింది, రెండోపారి నా అల్లుడు ఆమె కోసం మళ్లెవరకు రోడ్డే లేకపాయె అని."

"గదంత ఎందుకు చెప్పినవ్?"

"ఎందుకు చెప్పొద్దు? నేను యాడికి పోయిన అదే చెప్తున్న. ఈ బజార్ల చాయ తాగే ప్రతి మనిషికి చెప్పిన. అదంత విని ఆ పిలగాడు తనోళ్లను అడిగిండు. తర్వాత అన్నడు, అన్నా, మీ అల్లుని కోసం ఒక దారి జూస్త అని."

"ఏం దారి?"

"ఆఖరికి చెప్దామని ఆపిన. కొత్తోళ్ల రౌండు ఒకటి పెడుతుండ్రంట, పోటీ మొదలు గాకముందు. స్ప్రింగులు అడ్గరు, కడ్డీలు అడ్గరు. జోరు ఎక్కువ పోనియ్యరు గని, టైము మాత్రం రాసుకుంటరు."

"నిజంగనా మామా?"

"నీ మొఖంల ఇన్నొద్దులకు ఇంత నవ్వు జూసిన. ఒక్కటే షరతు. కొత్తోని పక్కన వాళ్ల మనిషొకడు కూసుంటడు. ఎడమ సీటు గట్టిగ ఉండాలె, బెల్టు ఉండాలె."

"ఎడమ సీటా?"

"ఆ. ఏంది గట్ల జూస్తున్నవ్?"

"అది పీకిన."

"ఎప్పుడు పీకినవ్?"

"మొన్న. మొన్ననే. బరువు తక్కువ గావాలని."

"పీకితె బిగిద్దాం, దానికేమాయె. సీటు ఇంట్ల ఉన్నది గద?"

"ఉన్నది. అటక మీద."

"తెచ్చియ్యి, పొద్దుమూకెవరకు బిగిస్త. ఇగ బండి సంగతి అయిపాయె. ఇప్పుడు నా సంగతి ఒకటి ఇను. ఆ తల్లి జాడ తెలిసిందా?"

"ఏ తల్లి?"

"ఏ తల్లి ఏందిరా! నువ్వు దాటిచ్చినామె."

"ఆ... లేదు. తెల్వదు."

"ఏ ఊరో అడ్గలేదా?"

"వానల ఏమడ్గుత మామా? చౌరస్త కాడ దింపిన, లారీ ఎక్కిపోయింది. ఎర్రవల్లి దిక్కో, ఎటు దిక్కో."

"మెడల పుస్తె ఉన్నదా?"

"గదెందుకు?"

"ఒడిబియ్యం ముత్తైదకే పోస్తరు గద. ఈ యేడు అక్కకు పోయాల్సుండె. దీపావళి అయినంక మీ అత్తా నేనూ మీ ఇంటికి రావాలనుకున్నం. చీర గుడ తెచ్చిపెట్టిన, ఆమెకు పచ్చదంటె ఇష్టమని పచ్చదే ఏరిన. బీరువ తీసినప్పుడల్ల అదే కండ్ల వడుతది. ఏం జెయ్యాలె దాన్ని? ఆలోచన జేసిన. అక్క ఎవ్వరి కోసం దిగిందో, ఆమె నాకు అక్కనే. ఆమెను మా ఇంటికి తోలుకొస్త, పీట మీద కూసోబెట్టి ఒడి నింపుత. మీ అత్త గుడ సరె అన్నది."

"వద్దు మామా."

"ఎందుకొద్దు?"

"వద్దంటె వద్దు. తెల్వనోళ్లు, ఎవలో ఏమొ."

"తెల్వకుంటె ఏంది? అక్క పానం ఆమె ఇంట్ల తిరుగుతున్నట్లే నాకు. చూస్తె జర నిమ్మలమైత. పిల్లకు ఎన్నేండ్లుంటయి?"

"చిన్నోడు. చంకల ఉండె."

"చిన్నోడా? పదకొండొద్దుల నాడు ఆడపిల్ల అంటివి."

"పిల్ల... పిల్లనే. చీకటి, వాన, ఎవలు జూసిండ్రు."

"చీకటేంది? పట్టపగలు గద."

"మబ్బు వట్టుంటె చీకటే గద! పోలీసోని లెక్క అడుగుతున్నవేంది మామా?"

"సరె, సరె. గరం గాకు. డోరు తియ్యి, బోల్టుల కొలత జూస్కుంట."

"నేను ఇంటికాడ బిగిచ్చుకుంటలె."

"నీతోని గాదు. జరుగు. జరుగంటున్న. ఇదేందిరా?"

"ఏంది?"

"సీటు బోల్టుల బొక్కలు. నాలుగిట్ల అంచుల దాక బురద."

"వరద నీళ్లు లోపటికొచ్చినయి గద."

"వచ్చినయి. ఆ తర్వాత మళ్ల ఎన్నడన్న నీళ్లల్లకు దింపినవా?"

"లేదు."

"మరి బోల్టులు బిగిచ్చి ఉండంగ బొక్కలల్లకు బురద ఎట్ల వోయింది? స్క్రూడ్రైవరుతోని గీకితె గుడ రాలుతలేదు, ఎండి రాయి లెక్కయింది. మొన్న పీకిన సీటు గాదు ఇది."

"యాదికి లేదు మామా. ముందుగాల్నే పీకిన్నేమొ."

"వరదకు ముందుగాల?"

"అయ్యుంటది."

"ఎనక సీటు లేదు, ఎడమ సీటు లేదు. ఆ తల్లి యాడ కూసున్నది మహిపాలూ?"

"కింద. రేకు మీద."

"పిల్లను ఒళ్లె బెట్టుకొని?"

"ఆ."

"నీళ్లు లోపటికి ఎంతొచ్చినయి?"

"పెడల్లు మునిగినయి."

"పెడల్లు మునిగే నీళ్లల్ల చంటిపిల్లను ఒళ్లె బెట్టుకొని కూసున్నది?"

"ఇడిసిపెట్టు మామా. నీ కాల్మొక్త."

"ఇడ్వ. అక్క యాడ కూసున్నది? దిగకముందు?"

"ఆడ్నే. ఆ కడ్డి వట్టుకొని."

"వాగు దాక గట్లనే వచ్చిందా?"

"వచ్చింది. నడుము వట్టుకపోయిందిరా, ఇదేం బండిరా అన్నది. నవ్వింది గుడ."

"వాగు కాడ ఏమాయె?"

"నీళ్లు మోకాలంత గుడ లేవు మామా. రోడ్డు కానొస్తనే ఉండె. దించంగనె కింద రాయికి తాకింది, బరువుకు. ఇంజన్ల నీళ్లు వోతయని నాకు భయమాయె. ఎనకకు తీసిన."

"తీసి?"

"అమ్మా, జర దిగు అన్న. బరువు తగ్గితె బండి లేస్తది, అవతల పెట్టి ఉరికొస్త, నిన్ను చెయ్యి వట్టుకొని దాటిస్త అన్న."

"అక్క ఏమన్నది?"

"పైలం బిడ్డా, నీ బండి పైలం అన్నది. చెప్పులు తడుస్తయని బండ్లనె ఇడిసి దిగింది. నేను దాటిన. బండి ఆపి మళ్లి జూసెవరకు రోడ్డు లేదు. ఆమె నిలవడ్డ జాగ గుడ లేదు."

"మరి ఆ తల్లి ఎప్పుడెక్కింది?"

"పదకొండొద్దుల నాడు అందరు ఒక్కటే అడుగుడు, ముందుగాల అమ్మను ఎందుకు దాటియ్యలేదు అని. నోటికొచ్చింది చెప్పిన. నువ్వు ఆ మాట వట్టుకొని ఏడుస్తుంటివి, అందరు దండం బెడుతుండిరి. మళ్ల ఎట్ల చెప్పాలె?"

"ఒక్కటి చెప్పు మహిపాలూ. మా అక్కను దింపి ఎవరిని దాటిచ్చినవ్?"

"ఏ తల్లి లేదు మామా, ఏ పిల్ల లేదు. బండినే దాటిచ్చిన."