ఎరగనన్న మాట

“పొద్దున్నే వొచ్చీసినావేటి? ఢిల్లీల ఆఫీసు నేదా?”

“సెలవు పెట్టినానమ్మా. నీకోసవే.”

“నాకోసం దేనికి? నువ్వెవురో నాకు తెల్దు కదా. ఇమానంలో నువ్వే అన్నావు.”

జాలరిపేట ఇసుకలో నెత్తళ్ల చేపలు ఆరబెడుతున్న మంగాయమ్మ తల కూడా ఎత్తలేదు. ఆమె కొడుకు గోపి విమానాల్లో మామూలు ప్రయాణికుడిలా కూర్చుని కాపలా కాసే రహస్య భద్రతా ఉద్యోగి. ఆ సంగతి కన్నతల్లికి కూడా చెప్పకూడదు. ఢిల్లీలో గుమాస్తా పని అని చెప్పి ఇన్నేళ్లూ నెట్టుకొచ్చాడు. మొన్న ఆమె ఎక్కిన విమానంలోనే అతనికి డ్యూటీ పడింది, అక్కడే వచ్చింది చిక్కంతా.

“అలగనకే అమ్మా.”

“మరెలగనాల? ముందు ఆ కాకిని తోలు.”

“హుష్! తోలినాను. ఇను. నువ్వు ఆ ఇమానం ఎక్కుతావని నాకు తెల్దే.”

“తెలిస్తే ఏటి, ఇంకోటి ఎక్కుందువా? ఎగ్జిబిషన్ల ఎండుసేపలు అమ్మడం అయిపోనాది. మా ఆడోల్ల సంఘం టిక్కెట్లు తీసింది, ఎక్కినాం. బెల్టెట్టుకోడం రాక సిట్టెమ్మా నానూ ఒకటే నవ్వు. అప్పుడు ముందర వరసలో నీ మెడ సూసినాను.”

“మెడ సూసి పోల్చీసినావా?”

“కన్నదాన్ని, పోల్చనేటి? గోపీ అని పిలుత్తా నెగిసి వొచ్చినాను. ఇమానం ఊగింది, నీ మీద పడిపోనాను. నీ నడుం అట్టుకుంతే నా సెయ్యి ఇదిలించీసినావు.”

“ఇదిలించనేదే...”

“ఇదిలించినావు. ‘ఎవరమ్మా మీరు, పొరబడ్డారు’ అన్నావు. మీరంట! నన్ను మీరన్నావురా.”

“అమ్మా...”

“ఇమానం ఇమానమంతా నన్నే సూసింది. నా పక్కనోడు అప్పటికే వాసనని ముక్కుకి గుడ్డెట్టుకున్నాడు. ఆడు పకపకా నవ్వినాడు.”

“సూసినాను.”

“సూసినావు కదా? సూసి కూడా సీట్లోంచి నెగనేదు.”

“నెగనేదు.”

“ఎందుకని?”

“అదీ... మా ఆఫీసు పెద్దాయన పక్కన కూకున్నాడు.”

“నీ పక్క సీటు ఖాళీ. ఇంకోటి సెప్పు.”

“మంచినీల్లున్నాయేటమ్మా?”

“కుండలో ఉన్నాయి. తరవాత తాగుదువులే, సెప్పు.”

“సిగ్గేసింది. సరేనా? నీ సీర, ఆ వాసన, అందరూ సూత్తన్నారని... ఈవిడ మాయమ్మ అని సెప్పుకోడానికి సిగ్గేసింది. కావాలంటే సెప్పుచ్చుకు కొట్టు.”

“నా మొకం సూసి సెప్పు.”

“సిగ్గేసింది.”

“ఇసకని సూత్తన్నావు.”

“ఇంకెన్నిసార్లు సెప్పాలే?”

“అబద్దం. ఆరో క్లాసులో ఎవుడో సేప కంపని ఎక్కిరిత్తే ఆడి పన్నూడగొట్టీసి వొచ్చినావు. నాకు జొరమొస్తే నా సేపల గంప నెత్తినెట్టుకుని ఈదులన్నీ తిరిగి కానాగంతలో... కానాగడతలో అని అరిసినావు. ఆ గుంటడికి నానంటే సిగ్గా? కొడుకు సిగ్గుపడ్డాడని నాను ఏడిసి ఊరుకుంతాననుకున్నావు. అంతకంటే పెద్దదేదో దాసతన్నావు.”

“ఏటీ నేదే.”

“నా సెయ్యి నీ నడుం కాడ పడ్డాది కదా. సొక్కా కింద ఇనుము తగిలింది.”

“అది... బెల్టు.”

“బెల్టుకి పిడి ఉంతాదేటి? పోలీసోల్ల నడుం కాడ నాను సూడనేదా?”

“గట్టిగా అనకే!”

“అనను. సిట్టెమ్మకి కూడా సెప్పనేదు. ఇమానంలోకి తుపాకీ అట్టుకెల్లీవోల్లు ఎలాటోల్లో టీవీలో సూత్తన్నాను. గుమాస్తాకి దేనికిరా అది? ఎవుల సావాసం పట్టినావు?”

“నువ్వనుకున్నట్టు కాదే.”

“అయితే ఏటో సెప్పు.”

“సెప్పలేను.”

“దొంగతనవా?”

“అమ్మా!”

“మనిషినేటైనా సేసినావా?”

“నేదు. నీ మీదొట్టు, నేదు.”

“మరి సెప్పు.”

“సెప్పకూడదమ్మా. నన్ను నమ్ము, అంతే.”

“అబ్బులు మావ బోటు సాయంత్రం ఎల్తాది. ఆ ఇనుము నాకిచ్చీ. నడిసంద్రంలో పడేయించీత్తాను, ఎవులికీ తెల్దు. నువ్విక్కడే ఉండిపో. వలలు బాగుసేసుకుని బతుకుదువు.”

“కుదరదే. రేపు మల్లీ ఎల్లాల.”

“మల్లీ ఇమానవేనా?”

“ఆ.”

“అయితే ఇదీ ఇనీసి ఎల్లు. నాను నా సీటుకి పోయి కూకున్నాక, ఇమానంలో పన్జేసే గుంట నీల్లట్టుకొచ్చింది. నీకు ఎనక్కి తిరిగి సూడ్డానికి మొకం సాల్నేదు గానీ.”

“సాల్నేదమ్మా. నిజవే.”

“‘పేరెట్టి పిలిచారు, ఆయన మీ అబ్బాయా అమ్మా’ అని అడిగింది. మంచి పిల్లే. అవునంతే నీ కాడికెల్లి మాటాడతారేమో, నిలబెట్టి తడివి సూత్తారేమో అని నా గుండె దడదడలాడిపోనాది.”

“ఏటి సెప్పినావు?”

“నాకు పిల్లల్నేరమ్మా, గొడ్రాల్ని, ఎవుల్ని సూసినా కొడుకులాగే కనబడతాడని సెప్పీసినాను. నిన్ను కన్న నానే గొడ్రాల్నని అన్నాన్రా. ఇప్పుడు సెప్పు, ఆ నోటితో నిన్ను ఏటని పిలవను?”